చేతులు వెనక్కి కట్టుకున్న సారు

మొన్న పొద్దున నేను షెడ్డులో నంది చెవి చెక్కుతుంటే మనవరాలు ఫోన్ చేసింది. "జేజినాయనా, సారు పోయినాడు" అంది. ఏ సారు అని నేను అడగలేదు. మా ఇంట్లో సారు అంటే ఒక్కడే, నంద్యాల కాలేజీలో దానికి కంప్యూటర్ చదువు చెప్పిన సారు. క్లాసుకు పోవడానికి చొక్కా వేసుకుంటూ కూలబడ్డాడట. గుండె. ఉలి సంచిలో వేసి ఆ పూట పని ఆపేశాను. సొంత ఇంట్లో చావైతే తప్ప పొద్దున పూట పని ఆపిన మనిషిని కాను.

సారు నాకంటే చాలా చిన్నవాడు. అందుకే అన్నాడు, పోయాడు అంటున్నాను, గౌరవం తక్కువై కాదు. కాలేజీ పిల్లలు సారు గుర్తుగా పుస్తకం వేస్తున్నారు, నన్నూ రాయమన్నారు. నేను ఆళ్లగడ్డలో రాయి చెక్కి బతికినవాణ్ణి. బడి చిన్నప్పుడే వదిలేశాను. సంతకం పెడతాను, బస్సు బోర్డు చదువుతాను, పేపరు కూడబలుక్కుంటాను. నాకు అది చాలు. ఇందులో పెద్ద మాటలు వెతకొద్దు. చూసింది చెప్తాను, కాలేజీ పిల్లాడొకడు రాసుకుంటున్నాడు.

సారును నేను మొదట చూసింది మనవరాలి చదువు మాన్పించడానికి పోయినప్పుడు. అది బీసీఏ చదువుతోంది. ఫోన్లలో, కంప్యూటర్లలో మనకు కనపడే పేజీలు తయారుచేసే పని నేర్చుకుంటోంది. ఒకరోజు విగ్రహం కొనడానికి మా షెడ్డుకు ఒకాయన వచ్చాడు. ఇప్పుడు ఆ పేజీలన్నీ యంత్రమే రాస్తోందనీ, మనుషులను ఇంటికి పంపిస్తున్నారనీ, తననూ అట్లాగే పంపించారనీ చెప్పి పోయాడు. ఆ మాట నాలో దిగబడింది. మా వీధిలోకి రాయి కోసే మిషన్లు వచ్చినప్పుడు ఎన్ని చేతులు ఖాళీ అయ్యాయో చూసినవాణ్ణి నేను. పిల్లను టీచరు ట్రైనింగుకు పంపుదామని ఇంట్లో చెప్పాను. నా కొడుకు సరే అన్నాడు. పిల్ల ఏడ్చింది. టీసీ తెచ్చుకుందామని నేను నంద్యాల బస్సెక్కాను. పోయింది తప్పని ఈ రోజుకీ అనుకోను. ఇంటి పెద్ద అడగాల్సింది అడగడానికి పోయాను.

అడిగాను కూడా. "మిషన్ రాయి కోస్తాంటే పక్కన నీళ్లు పోసే కూలీ ఒకడు మిగుల్తాడు సారూ. మా పాప సదువు అయిపోయినాక యంత్రానికి నీళ్లు పోయాల్నా?"

సారు వాదన పెట్టుకోలేదు. "పెద్దాయనా, మీరు సదువుకున్నారా?" అని అడిగాడు.

నాకు రోషం వచ్చింది. "ఏం, సదువు రానోడికి టీసీ ఇయ్యరా?" అన్నాను.

"దానికి కాదు. మీలాంటి మనిషి కోసమే నేను వెతుకుతాండా. ఒక గంట కూచోండి. ఆ తర్వాత మీ ఇష్టం."

కంప్యూటర్లున్న గదిలోకి తీసుకుపోయాడు. కుర్చీ తనే లాగాడు. జేబురుమాలు తీసి తెర తుడిచాడు. తర్వాత ఎన్నిసార్లు పోయినా ఆ తుడవడం మానలేదు. కూర్చునేది ముఖ్యమంత్రి అయినా మూటలు మోసేవాడైనా అట్లాగే తుడిచేవాడు. ఇంటి దగ్గర్నుంచే ఆసుపత్రి టోకెన్ తీసుకునే పేజీ చేయమని పిల్లలందరికీ పని ఇచ్చాడట. నిజం ఆసుపత్రి కాదు, నేర్చుకోవడానికి. ఒక్కొక్కరి పేజీ నా ముందు పెట్టాడు. చేసిన పిల్లో పిల్లాడో నా వెనక నిలబడాలి. ఒక పిల్లాడు ఆగలేక "ఈడ నొక్కు తాతా" అని వేలు పెట్టబోతే సారు ఆపాడు.

"చేతులు వెనక్కి. నోరు మూసి, కండ్లు తెరిసి సూడు. రేపు ఊరూరా పోయి ఏలు పెట్టి సూపిస్తావాప్పా?"

ఆ మాట ఈ పుస్తకం చదివే పిల్లలందరికీ గుర్తుంటుంది.

ఒక్క పేజీ కూడా నేను దాటలేదు. ఒకటి పెళ్లి బస్సులాగా సోకులు చేసుకుని ఉంది, ఎక్కే తలుపు కనపడదు. ఇంకొకటి మొత్తం ఇంగ్లీషు. నా మనవరాలి పేజీలో అక్షరాలు చీమల్లా ఉన్నాయి. ఫోన్ నంబరు ఒకచోట తప్పు నొక్కితే, అంతదాకా నేను చెమటోడ్చి కొట్టిందంతా తుడిచేసి, ఎర్రగా ఏదో ఇంగ్లీషులో తిట్టింది. "ఈ టోకెన్ దొరికేలోపల రోగి కాటికి పోతాడు" అన్నాను. అది నా మనవరాలి పేజీ అని తెలిసే అన్నాను. నాకు ముఖం చూసి మాట్లాడటం రాదు. పిల్లలు నవ్వారు.

సారు నవ్వలేదు. "ఆయన తప్పలేదు, మీరు తప్పినారు" అన్నాడు వాళ్లతో. తర్వాత నావైపు తిరిగాడు. "యంత్రం రాస్తాది పెద్దాయనా, నిజమే. వీళ్లలో కొందరు దాంతోనే రాయించినారు, నాకు తెలుసు. మీరు ఈడ చిక్కుకుంటే యంత్రానికి సిగ్గు కాలేదు. మీ పాపకు అయింది, ముఖం సూడండి. ఆ సిగ్గు ఉన్నోళ్లకు పని పోదు."

బాగానే చెప్పాడు. అయితే మంచి మాటకు లొంగే రకం కాను నేను. ఆ సంగతి ఆయనకు అప్పుడే అర్థమైంది, పందెం పెట్టాడు. పరీక్షలు వచ్చేలోపల, ఎవరినీ అడక్కుండా, మనవరాలి పేజీలో నా అంతట నేను టోకెన్ తీసుకుంటే పిల్ల చదువుతుంది. తీసుకోలేకపోతే టీసీ తానే రాయించి చేతికిస్తాడు. "మనవరాలని సూసి నేను అబద్ధం ఆడను" అన్నాను. "అందుకే మీతో పందెం" అన్నాడు.

ఆ తర్వాత పిల్ల నన్ను వదల్లేదు. సెలవుకు ఇంటికి వచ్చినప్పుడల్లా షెడ్డులో నా పక్కనే కూర్చునేది. నేను ఫోన్ ఎట్లా పట్టుకుంటానో, ఎక్కడ కళ్లు చిట్లిస్తానో, ఏ అక్షరం దగ్గర ఆగుతానో చూసేది. పేజీ మాత్రం నాకు చూపించలేదు. వాళ్ల జేజికి, అంటే నా భార్యకు, గాజుల అంగడి బీబమ్మకు ఇచ్చి నొక్కించేది. వెనక చేతులు కట్టుకుని నిలబడేది. "ఏందే, పోలీసు మాదిరి నా ఎనక నిలబడినావు" అని బీబమ్మ కోప్పడినా కదిలేది కాదు.

ఒక ఆదివారం సారే ఆళ్లగడ్డకు వచ్చాడు. పందెం గురించి ఎత్తలేదు. పీఠం మీద పెట్టిన అమ్మవారి ముఖం చూస్తుంటే, ఆడ నిలబడి కాదు, కింద కూర్చుని చూడమన్నాను. మొక్కేవాడు కింద కూర్చుంటాడు, వాడివైపు చూసేటట్టు కన్ను తెరవాలి, అది మా పని. ప్యాంటు దుమ్మవుతుందని కూడా చూడకుండా సారు రాతిపొడిలో చతికిలబడ్డాడు. చాలాసేపు లేవలేదు. అప్పుడు చెప్పాడు. గోస్పాడు దగ్గరి పల్లెలో వాళ్లది సేద్యం చేసే ఇల్లు. ఒకసారి వాళ్లమ్మ ఆసుపత్రికి పోయి పొద్దంతా తప్పు గది ముందు కూర్చుందట. "ఎవురినీ అడగలేదు పెద్దాయనా. సదువు రాదని తెలుస్తాదని సిగ్గుపడింది" అన్నాడు. లేచి ప్యాంటు దులుపుకుని, జొన్నరొట్టె తిని, బస్సెక్కి పోయాడు.

పందెం రోజు వచ్చింది. తెర తుడిచాడు, నేను కూర్చున్నాను. నా వెనక మనవరాలు, దాని వెనక సారు. ఈసారి పేజీలో కన్ను, పన్ను, ఎముక బొమ్మలున్నాయి. కన్ను నొక్కాను. పేజీకి ఒకే ప్రశ్న, పెద్ద తెలుగు అక్షరాలు. ఫోన్ నంబరు తప్పు కొట్టాను. తుడిచేయలేదు, ఒక అంకె తక్కువుంది అని నెమ్మదిగా చెప్పింది. సరిచేశాను. టోకెన్ నాకా, ఇంట్లోవాళ్లకా అని అడిగింది. ఉలి పట్టి పట్టి నా వేళ్ల మీద చర్మం చెప్పు అట్టలాగా అయింది, రేషన్ మిషన్ కూడా నా వేలు ఒప్పుకోదు. నాకు అని నొక్కబోతే పక్కది పడింది. ఎక్కడికో పోయింది. అక్కడ ఆగిపోయాను.

పిల్ల ఊపిరి నా మెడకు తగులుతోంది. ఇప్పుడు నేను తల తిప్పి ఏందమ్మా అని అడిగితే అయిపోయినట్టే. అది కాలేజీ వదిలి నాతో బస్సెక్కాలి. నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. పై నుంచి కింది దాకా మెల్లగా చదివాను. కింద ఎడమవైపు, నా బొటనవేలంత పెద్దగా ఉంది: "తప్పు నొక్కారా? వెనక్కి పోండి." నొక్కాను. వెనక్కి వచ్చి, ఈసారి సరిగ్గా నొక్కి, టోకెన్ తీసుకున్నాను.

"పెద్దాయన దాటినాడు" అన్నాడు సారు, అంతే. మనవరాలు నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేను సారు చేతులు చూశాను. అప్పుడే ముందుకు తెచ్చుకున్నాడు. ఎడమ మణికట్టు మీద ఆయన వేళ్లే అచ్చు పడి ఉన్నాయి, ఎర్రగా. ఒక్క మాట సాయం చేసి ఉంటే నా చిక్కు తీరేది, పందెం మాత్రం పోయేది. ఆ ఒక్క మాటను పట్టి ఆపడానికి ఆయన అంత గట్టిగా పట్టుకోవలసి వచ్చింది.

టీసీ అడగలేదు. ఆ తర్వాత ప్రతి ఏడూ పిల్లల పేజీలు చూడటానికి సారు నన్ను పిలిపించేవాడు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయేవాణ్ణి. పిల్లలు మార్కుల కంటే నా ముఖానికే ఎక్కువ భయపడేవాళ్లు, భయపడాలి కూడా. మనవరాలికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో ఏం ప్రాజెక్టు చేశావని అడిగితే, మా జేజినాయన దాటే పేజీ చేశాను అని చెప్పిందట.

సారును చూడటానికి నంద్యాల పోయాం, అది హైదరాబాద్ నుంచి నేరుగా వచ్చింది. సారు తల దగ్గర వాళ్లమ్మ కూర్చుని ఉంది. నన్ను చూసి, "నువ్వేనా రాయి చెక్కే ఆయన? మా వాడు ఎప్పుడూ నీ మాట చెప్తాండె" అంది. చేతులెత్తి మొక్కి బయటికి వచ్చాను.

బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు కోసం కూర్చున్నాం. సారు ఫొటో ఒకటి మనవరాలు నాకు పంపింది. ఫోన్ తెరవగానే ఆ ముఖం కనపడాలని నాకు అనిపించింది. ఎట్లా పెట్టాలో వెతకడం మొదలుపెట్టాను. నా వేలు పడదు, పడితే పక్కకు పడుతుంది, వెనక్కి వచ్చి మళ్లీ నొక్కుతాను. బస్సు వచ్చింది. జనం ఎక్కారు. కండక్టరు కేక వేశాడు. "పాపా, నువ్వు పెట్టియ్యరాదా పెద్దాయనకు" అంది పక్కన కూర్చున్న ఆమె.

మనవరాలు పలకలేదు. బస్సు పోయింది.

చివరికి సారు ముఖం తెరమీదికి వచ్చింది. చూపిద్దామని తలెత్తాను. పిల్ల నా వెనక నిలబడి ఉంది, నోరు మూసుకుని, కళ్లు తెరుచుకుని. ఫోన్ అందుకోవడానికి చేయి ముందుకు చాచింది. మణికట్టు మీద ఎర్రగా వేళ్ల అచ్చులు.