జావా క్లాసులో మా సమాజం చరిత్ర

పోయిన ఆదివారం అమీర్‌పేటల నా పరువు ఎట్ల పోయిందో చెప్త, వినుండ్రి. నవ్వేదుంటే ఆఖరుకు నవ్వుండ్రి. మధ్యల నవ్వితే ఊకోను, ఇప్పటికే మస్తు కోపంల ఉన్న.

మీకు తెలుసు కదా, పొద్దంత నేను సోమాజిగూడ హాస్పిటల్ల రక్తం టెస్టులు చేస్త. డ్యూటీ అయినంక నాటకాలు. మా నాటక సమాజం పెట్టింది రామచంద్రం సారు, పంజాగుట్ట బడిల తెలుగు టీచర్. నాటకానికి టికెట్ పెట్టొద్దనేది సారు పట్టుదల. బోరబండ నుంచి వచ్చిన కూలోళ్లు, ఇటు బంగ్లాల ఆఫీసర్లు ఒక్క చాప మీద కూసొని చూసేటోళ్లు. వేషం కట్టినోళ్లకు సుత ఏమియ్యరు. రిహార్సల్ల చాయ్, షో నాడు ఉప్మా, అంతే. సారు పోయినంక వాళ్ల భార్య సులోచనమ్మ నడుపుతున్నది. ఒకప్పుడు మా నాటకాలల్ల హీరోయిన్ ఆమెనే.

మా రిహార్సల్ హాలు అమీర్‌పేట సందుల ఒక బిల్డింగ్, రెండో అంతస్తు. పోయినేడు ఓనర్ దాన్ని సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్‌కు ఇచ్చిండు. ఇన్నేండ్ల సంబంధం, ఒక్క మాట అడగలే. అప్పటి నుంచి సులోచనమ్మ వాళ్ల మిద్దె మీద రిహార్సల్ చేస్తున్నం. యుద్ధం సీన్ రాంగనే కింది పోర్షనోళ్లు పైకొచ్చి మొహం చిట్లించుకొని నిలబడ్తరు.

హాలు పోతే పోయింది, మనుషులు సుత పోతున్రు. ఒక పిల్లగానికి నడక నేర్పి, గొంతు నేర్పి, హీరోను చేస్తమా, వాడు పోయి జావా కోర్సుల చేరుతడు. ఇంకొకడు టెస్టింగ్ అంటడు. ఆఖరుకు కిరణ్ ఒక్కడు మిగిలిండు. వాడు సుత కొన్ని వారాల నుంచి జ్వరమంటున్నడు.

ఆదివారం పొద్దుగాల సమాజం వార్షికోత్సవం. ఓనర్‌ను బతిమాలితే అదే బిల్డింగ్ల మూడో అంతస్తు గది ఒక్క పూటకు ఇచ్చిండు. సమాజం చరిత్ర చెప్పే పని సులోచనమ్మ నాకు పెట్టింది. హాలు లేదు, మనుషులు లేరు, ఇదే ఆఖరిది కావొచ్చని అన్నది. ఉన్నది ఉన్నట్టు గట్టిగ చెప్పాల్నని కూసొని తయారైన.

మూడో అంతస్తని నాకు తెలుసు. కాళ్లకు తెల్వదు. ఏండ్ల అలవాటు కొద్ది రెండో అంతస్తుల ఆగినయ్.

తలుపు కాడ టై కట్టుకున్న ఒకాయన ఎదురొచ్చి, "రండి మేడం గారూ, మీ కోసమే చూస్తున్నాం, అందరూ వచ్చేశారు" అన్నడు. లోపల చూస్తే హాలు నిండ జనం. అందరు పడుచు పిల్లలు. గోడల పొంటి సుత నిలబడ్డరు. మా సమాజానికి ఇంత మంది అభిమానులున్నరా అని మురిసిపోయిన. ఆఖరు వరుసల కిరణ్ సుత ఉన్నడు. జ్వరంల సుత వచ్చిండు పాపం అనుకున్న.

మైకు పట్టిన. సారు గురించి చెప్పిన, చాపల గురించి చెప్పిన. తర్వాత కోచింగ్ సెంటర్లను పట్టుకున్న. మా హాలు గుంజుకున్నరు, మా హీరోలను గుంజుకున్నరు, మొహానికి రంగేసుకునే పిల్లలను కంప్యూటర్ల ముంగట కూసోబెట్టి రంగు లేకుంట చేసిన్రని దులిపేసిన. పిల్లలు దించిన తల ఎత్తకుంట రాసుకుంటున్నరు. టై ఆయన మొహం ఎర్రగయింది. నా మాటలకు కదిలిపోయిండనుకున్న.

ఇగ ఆటోల నాటకం సంగతి చెప్పుడు మొదలువెట్టిన. ఒకసారి పంజాగుట్ట గ్రౌండ్ల షో. రాజు చచ్చిపోయే సీన్ల కరెంటు పోయింది. రాజు కింద పడ్డడు గాని చచ్చిండో లేదో ఎవలకు కనబడ్తలేదు. అప్పుడు సారు స్టేజి దిగి...

గంతల ముంగటి వరుసల పిల్ల ఒకామె చెయ్యి లేపింది. "మేడం, ఇది కోర్ జావాలో వస్తదా, అడ్వాన్స్‌డ్‌లనా?"

నాకు సమజ్ కాలే. కిరణ్ లేచి, నేల చూసుకుంట, "అక్కా, మన మీటింగ్ పైన" అన్నడు.

అరగంట నుంచి ఎందుకు చెప్పలేదురా అంటే, చెప్తే ఇక్కడ చేరిన సంగతి తెలుస్తదని ఊకున్నడట. టై ఆయన ఆ సెంటర్ మేనేజర్. డెమో క్లాసుకు కొత్త మేడం రావాలె, ఆమె పంజాగుట్ట చౌరస్తల ట్రాఫిక్‌ల ఉన్నది. నేనే ఆమె అనుకున్నడు. తిట్టవట్టినంక సుత ఎందుకు ఆపలేదంటే, కంపెనీల నుంచి వచ్చే ఫ్యాకల్టీ ఇట్లనే మొదలువెడ్తరు అనుకున్నడట. కోపం ఎవల మీద పడాల్నో తెల్వక మైకు మీద పడ్డ. దాన్ని బల్ల మీద ఠప్పున పెట్టి, పైకి ఉరికిన.

పైన సులోచనమ్మ, ఇంకొంత మంది పాతోళ్లు సారు ఫొటో ముంగట కూసొని ఉన్నరు. జరిగింది చెప్తుంటే తలుపు కాడ గుంపు. జావా పిల్లలు. ముంగట ఆ చెయ్యి లేపిన పిల్ల.

"మేడం, కరెంటు పోయినంక సారు ఏం చేసిండు?"

నేను నోరు తెరిచేలోపే సులోచనమ్మ అందుకున్నది. సారు రోడ్డు మీదికి ఉరికి ఆటోవాళ్లను పిలుచుకొచ్చిండు. హెడ్‌లైట్ల వెలుగుల రాజు మళ్ల లేచి, మళ్ల చచ్చిండు. ఆ నాటకంల రాణి వేషం ఆమెదే. ఏడ్సుడు సుత మళ్ల మొదటి నుంచి ఏడ్చిందట. చెప్పుకుంట చెప్పుకుంట నిలబడి ఆ సీన్ చేసి చూపెట్టింది. పిల్లలు కింద కూసొని చూసిన్రు, కుర్చీలు సుత అడగలే.

మేనేజర్ తన క్లాసు వెతుక్కుంట పైకొచ్చిండు. లొల్లి పెడ్తడనుకొని నేను సిద్ధమైన. ఆయన నన్ను పక్కకు పిలిచి, మా పిల్లలకు ఇంటర్వ్యూల నోరు పెగలదు మేడం, శనివారాలు వచ్చి మాట్లాడుడు నేర్పుతరా అని అడిగిండు. నాతోని ఇంత దులిపించుకొని ఆ మాట అడిగెతందుకు ఆయనకు మొహం ఎట్ల వచ్చిందో. ససేమిరా అనబోయిన. సులోచనమ్మ మెల్లగ అడిగింది:

"బాబూ, ఆదివారం సాయంత్రాలు మీ హాలు ఖాళీగనే ఉంటదా?"

ఖాళీగనే ఉంటదట.

గట్ల నా శనివారాలకు బదులు మా హాలు మాకు తిరిగొచ్చింది, నేను అమ్ముడువోయిన. ఇప్పుడు అమీర్‌పేట మెయిన్ రోడ్డు మీద 'కమ్యూనికేషన్ స్కిల్స్, సుజాత మేడం' అని పెద్ద ఫ్లెక్సీ ఉన్నది. ఫొటో అడిగిన్రు. వేషం లేని మంచి ఫొటో నాకు ఒక్కటి సుత దొరకలే. అందుకే కిరీటం పెట్టుకొని, చేతుల కత్తి పట్టుకొని ఉన్న. మీరెవరన్న చూస్తే నేనే అని చెప్పకుండ్రి.