పసుపు తిన్న కూనిరొయ్యలు

నా చిన్నప్పుడు మేము రాయపురంలో, చేపల రేవుకు రెండు వీధుల అవతల ఉండేవాళ్ళం. మా మేనత్త కూడా మాతోనే ఉండేది. పెళ్ళయిన ఏడాదికే భర్త పోతే, మా తాతయ్య ఎవరేమన్నా వినకుండా ఆమెను జంతుశాస్త్రం చదివించాడు. ఒక కాలేజీ ప్రయోగశాలలో ఆమెకు ఉద్యోగం. మావాళ్ళు కూని అని పిలిచే బుల్లి రొయ్యలు సముద్రంలో ఏం తిని బతుకుతాయో కనుక్కోవడమే ఆమె పని.

ధనుర్మాసంలో నీళ్ళు చల్లబడ్డాక కూని గుంపులుగా ఒడ్డుకు వచ్చేది. తెల్లవారుతుండగా అత్త మోకాలిలోతు నీళ్ళలో నిలబడి గుడ్డవలతో పట్టేది. పక్కన నేను సీసా పట్టుకునేదాన్ని. కాళ్ళు కొయ్యబారేవి. ఆ రొయ్యలు గాజులా ఉంటాయి, తిన్నది పైకే కనిపిస్తుంది. పొద్దున పట్టినవాటి పొట్ట పచ్చగా నిండి ఉండేది, మధ్యాహ్నం పట్టినవాటిది ఖాళీ. అవి చీకట్లో నాచు మేస్తాయనీ, నాచు తగ్గితే తమకంటే చిన్న పురుగులను పట్టి తింటాయనీ అత్త రెండు చలికాలాలు చూసి, బొమ్మలు గీసి నోటుబుక్కులో రాసుకుంది.

దాన్ని ఆమె పై అధికారి తన పేరుతో ఒక సభలో చదివేశాడు. ఆయన ఏనాడూ సముద్రంలో కాళ్ళు తడుపుకున్నవాడు కాదు. ఇదేమిటని అడిగితే, ఆడమనిషి పేరు చూస్తే ఎవరు నమ్ముతారన్నాడట. ఆ రోజు అత్త అన్నం ముట్టలేదు. నాకు ఒళ్ళు మండిపోయి, ఆయన సీసాలన్నీ పగలగొడతానన్నాను.

"పగిలితే మళ్ళీ కొంటారు పాపా. ఆయన నోటితోనే ఆయన్ని పట్టాల. ఓర్చుకో" అంది.

ఏడాది ఓర్చుకున్నాం. మరుసటి ధనుర్మాసంలో అత్త బియ్యప్పిండిలో పసుపు కలిపి, సీసాలోని కూనికి చిటికెడు వేసింది. అవి చిన్న చిన్న కాళ్ళతో పిండిని గబగబా నోట్లోకి తోసుకున్నాయి. కాసేపటికి ప్రతి పొట్టలోనూ పసుపు చుక్క. 'పొట్టలో పసుపు గింజలు కనిపించినవి' అని నోటుబుక్కులో ఒకే వాక్యం రాసి, ఒక రొయ్య పొట్టను గాజుపలక మీద పరిచి, రెండింటినీ కాలేజీలో తన బల్లమీద వదిలి వచ్చింది.

"అబద్ధం కదత్తా?" అన్నాను.

"చూసిందే రాసినా. పొట్టలోకి ఎట్ల వచ్చినాయని అడిగితే చెప్తా. అడగమను."

అధికారి ఆ రెండూ తీసుకున్నాడు, ఏమీ అడగలేదు. నెల తిరక్కముందే కాలేజీలో పెద్దల సభ జరిగింది. అత్త నన్నూ తీసుకెళ్ళింది. ఆయన ఆ గాజుపలకను మైక్రోస్కోపు కింద పెట్టి, ఇవి లోతు సముద్రపు జీవి ఒకదాని గుడ్లని, ఈ సంగతి తానే మొదట కనిపెట్టానని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు అత్త లేచి, ఆ గుడ్లు సముద్రంలో ఉండగా మీరే చూశారా అని ఇంగ్లీషులో మెల్లగా అడిగింది. నా కళ్ళతోనే చూశానన్నాడు.

అత్త సంచీలోంచి గాయాలకు పూసే టించరు అయొడిన్ సీసా తీసి ప్రిన్సిపాలుగారి చేతికిచ్చింది. "ఒక్క చుక్క వేసి చూడండి. పిండి అయితే నీలమవుతుంది."

ప్రిన్సిపాలుగారు చుక్క వేసి చూశారు. తలెత్తి, మళ్ళీ వంగి చూశారు. "నీలమే" అన్నారు. పిండి మా వంటింటిదనీ, పసుపు కూడా మాదేననీ అత్త చెప్పింది. వెనక వరుసలో ఎవరో నవ్వారు, ఆ నవ్వు గదంతా పాకింది. అధికారి ముఖంలో నెత్తురుచుక్క లేదు. నేను కళ్ళార్పకుండా చూశాను.

ఆయన్ని వేరే ఊరికి పంపేశారు. మొదటి నోటుబుక్కు అత్త పేరు మీదే అచ్చయింది. కానీ పైవాణ్ణి నవ్వులపాలు చేసిన మనిషి మాకొద్దని ఏడాదిలోపే ఆమెనూ తీసేశారు. మిగిలిన ఉద్యోగకాలమంతా వాషర్‌మెన్‌పేట్‌లో ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పింది. బాధపడ్డావా అని పెద్దయ్యాక అడిగాను. "సముద్రం పోయిందనే బాధ. ఆయన్ని దెబ్బకొట్టినందుకు మాత్రం లేదు" అంది.

క్షమించడం గొప్పదని తర్వాత చాలామంది నాకు చెప్పారు. నిజమే కావచ్చు. నేను మాత్రం స్వయంగా చూడనిదాని కింద ఇంతవరకు సంతకం పెట్టలేదు. నా పనికి తమ పేరు పెట్టుకున్నవాళ్ళను, ఎన్నేళ్ళు పట్టినా, ఊరికే వదిలిపెట్టనూ లేదు.