తొడల కింద చేతులు

మా పక్కింటి జర్మన్ కవి ఏ సభలో కూర్చున్నా రెండు చేతులూ తొడల కింద పెట్టుకునేవారు. కవిత నచ్చితేనే అవి బయటికి వచ్చేవి. కుర్రతనంలో తన దేశంలో ఓ పెద్దమనిషి పుస్తకం డొల్ల అని విమర్శ రాస్తే పత్రికలో ఉద్యోగం ఊడిందట. ఆ తర్వాతే అమెరికా వచ్చి, కాలేజీలో జర్మన్ పాఠాలు చెబుతూ, కవిత్వం రాసుకుంటూ మా ఫార్మింగ్టన్ హిల్స్‌లో స్థిరపడ్డారు. “మళ్ళీ అడిగినా డొల్ల అనే రాస్తాను,” అనేవారు.

ఒకసారి లైబ్రరీ సభలో, మంచు గురించి ఇంగ్లీషులో రాసిన నా కవిత చదివాను. హాలంతా చప్పట్లు. ఆయన చేతులు మాత్రం కదల్లేదు.

“నైబర్ కదా, క్లాప్ చేస్తే ఆయన సొమ్మేం పోతుంది?” ఇంటికొస్తూ కారులో మా ఆయన మండిపడ్డాడు.

మర్నాడు కవిగారే మా గుమ్మంలోకి వచ్చారు. సారీ చెబుతారేమో అనుకున్నాను.

“మీ ఆయనకి లేఆఫ్ అయిన చలికాలంలో మంచు అందంగా ఉందని రాస్తావా? నీ కోపం ఎక్కడ దాచావు?” అనేసి వెళ్ళిపోయారు.

ఆ కోపం రాసి వినిపించిన రోజున ఆయన అరచేతులు ఎర్రబడ్డాయి.

మొన్న ఆయన సంస్మరణ సభలో ఒక ప్రొఫెసర్ కవిత చదివాడు. అందులో మా కవిగారు ఎవరినీ నొప్పించని సౌమ్యుడట! జనమంతా లేచి చప్పట్లు కొట్టారు. నేను లేవలేదు.

“బాగోదు, లే,” అని మా ఆయన గొణిగాడు.

“అబద్ధానికి కొట్టను,” అన్నాను, చేతులు తొడల కింద పెట్టుకుంటూ.

ముందు వరసలో ఇంకొక్క మనిషి కూడా లేవలేదు. కవిగారి భార్య. ఆవిడ చేతులూ కనబడలేదు.