చుక్కను చూసి వేసిన పందిరి

ఆ రోజులంటే మరీ పాత రోజులేమీ కావు, పదేళ్లయినా కాలేదు. ఫోన్లలో దారి చూపించే మ్యాపులు అప్పటికే వచ్చాయి. కానీ ఎన్ని మ్యాపులు వచ్చినా, దారి తెలియడమనేది ఈత లాంటిది. కొందరికి ఇట్టే వస్తుంది, కొందరికి ఎన్ని నీళ్లు మింగినా రాదు. నాకు రాలేదు. సిద్దిపేటలోనే పుట్టి, సిద్దిపేటలోనే డిగ్రీ అయిందనిపించి, ఇంటి నుంచి మా దుకాణానికి నాకు తెలిసిన ఒకే ఒక్క దారిలో పోతూ వస్తూ ఉండేవాణ్ని. మోరీ కాలువ కోసం ఆ దారిని తవ్విన రోజున దుకాణానికి ఆలస్యంగా చేరేవాణ్ని. ఇలాంటివాడు ఎక్కడో కూర్చుని చేసే గుమాస్తా పని చూసుకుంటే లోకానికి నష్టం లేదు. కానీ మాది టెంట్‌హౌస్. పెళ్లిళ్లకు షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు కిరాయికిచ్చే వ్యాపారం. మా గిరాకీ అంతా ఊళ్లలోనే.

మా బాపుకి ఆ చుట్టుపక్కల తెలియని ఊరు లేదు. అలాంటి బాపు పెళ్లిళ్ల సీజన్ ముందర షామియానా కట్టబోయి నిచ్చెన మీద నుంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. దవాఖాన నుంచి పిండికట్టుతో వచ్చి, దుకాణం ముందు ఒక కుర్చీలో కూర్చుని, ఇంకో కుర్చీలో కాలు పెట్టుకుని, నన్ను పిలిచి తీర్పు చెప్పాడు. "ఈ సీజన్ సక్కగ నడిపినవనుకో, దుకాణం నీది. లేదంటవా, భివండిల మీ మామ తానికి పో. గాడ మగ్గాలు ఒక్కతాన్నే ఉంటయి, తొవ్వ తప్పే పనుండది." నాకు భివండి మీద కోపమేమీ లేదు గానీ, ఆ టెంట్‌హౌస్ అంటే ప్రాణం. చిన్నప్పటి నుంచి మడతపెట్టిన పరదాల మీద నిద్రపోయినవాణ్ని. ఆ పాత గుడ్డ వాసన ఇప్పటికీ నాకు ఏ అత్తరూ ఇవ్వని సుఖం ఇస్తుంది. కాబట్టి ఆ సీజన్ నాకు ఆషామాషీ కాదు.

నా పని ఏమిటంటే, బండి మీద ముందు పోయి, జాగ చూసి, గుంజలు ఎక్కడ పాతాలో గుర్తు పెట్టడం. వెనక మా చిన్నాయన ట్రాలీ ఆటోలో సామానంతా వేసుకుని వస్తాడు. ఆయన నా బండి వెనక లైటు తప్ప లోకంలో ఇంకేదీ చూడడు. నేను చెరువులోకి పోతే చెరువులోకి వచ్చే రకం. మరి దారి అడగొచ్చు కదా అంటారా? మా దిక్కు దారి అడగడమంటే చిన్న సంగతి కాదు. జవాబు కంటే ముందు "ఎవల పిల్లగానివి" అని వస్తుంది. చెబితే "ఆయన కొడుకువయ్యుండి తొవ్వ ఎర్క లేదా" అని వస్తుంది. ఆ తర్వాత చాయ్ వస్తుంది. దారి మాత్రం చిట్టచివర వస్తుంది. పైగా బాపు నేర్పిన నియమం ఒకటుంది. టెంటోడు పెళ్లింటి ముందు నిలబడి "లగ్గం ఇక్కడేనా" అని అడగకూడదు, అది అపశకునం. నేను ఆ నియమాన్ని పెళ్లింటి నుంచి మొత్తం మండలానికి విస్తరింపజేసుకున్నాను. (అడగడానికి సిగ్గుపడేవాడికి ఇంతకంటే మంచి శాస్త్రం ఎక్కడ దొరుకుతుంది?)

మొదట ఫోనునే బండి హ్యాండిల్‌కు తగిలించాను. అది ఒక గుంతలో ఎగిరి వెనక వస్తున్న చిన్నాయన ట్రాలీ కిందే పడింది. రెండోది వానలో తడిసి చచ్చింది. ఇక బండికి ప్రత్యేకంగా జీపీఎస్ కొనాల్సిందేనని తీర్మానించి, కొత్త ఫోన్‌ను జేబులోనే ఉంచుకుని అందులో వీడియోలు చూడటం మొదలుపెట్టాను. అందులో బండ్ల మీద మంచుకొండలెక్కే మారాజులు చెప్పినవన్నీ నాకూ కావాలనిపించాయి. గ్లౌజులు తొడుక్కున్నా తెర పనిచేయాలి (నాకు గ్లౌజులు లేవు). గడ్డకట్టే చలిని తట్టుకోవాలి (మేం పోయేది పక్కనున్న మిరుదొడ్డికి). ఎండలో అక్షరాలు కనబడాలి. ఈ చివరిదొక్కటే మాకు పనికొచ్చేది. ధర మాత్రం అందుబాటులో ఉండాలి. పాత బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ సామాన్లు అమ్మే నా దోస్తు ఒకడుండేవాడు, అందరూ వాణ్ని చార్జర్ అనేవాళ్లు. వాడు మూడు రకాలు తెప్పించి గాజుబల్ల మీద పెట్టాడు. మొదటిది అన్ని గుణాలూ ఉన్న చక్కని యంత్రం. దాని ధర నా పాత బండి ధరలో సగం ఉంది, అందుకని దాన్ని దూరం నుంచే చూసి దండం పెట్టుకున్నాను. రెండోది పేరూ ఊరూ లేని సరుకు, పెద్ద తెర, చవక. దుకాణం ముందు పెట్టి నొక్కితే మేమిద్దరం నడిసముద్రంలో ఉన్నట్టు చూపించింది. "జరసేపు ఎండల పెడితే నేల మీదికొస్తది" అన్నాడు చార్జర్. పెట్టాం. రాలేదు.

మూడోది అగ్గిపెట్టెంత ఉంది. తెర లేదు, మాట లేదు. సీటు కింద దాచిపెడితే, బండి ఎక్కడుందో ఇంట్లో ఉన్నవాళ్ల ఫోన్లో చుక్కలా చూపిస్తుంది. బండి దొంగలపాలైతే వెతుక్కోవడానికన్న మాట. మూడింట్లో ఇదే చవక. ఇది నాకెందుకని పక్కన పెట్టేసి వచ్చాను. కానీ అన్నం తినేటప్పుడు మూడింటి సంగతీ బాపుకి చెప్పడం నా పొరపాటు. బాపు ముద్ద ఆపి ఆలోచించి మూడోది తెమ్మన్నాడు. అందులో దారి కనబడదని నేను మొత్తుకున్నాను. "నీకు తొవ్వ కనవడుడు ఎందుకురా? తొవ్వ నాకెర్కనే గద. నువ్వు ఏడున్నవో నాకు కనవడితే సాలు, మిగిలింది నేను ఫోన్ల చెప్త" అన్నాడు. ఎటు తిప్పి చూసినా ఆ మాటలో తప్పు దొరకలేదు. దొరికినా ధరలో దొరకలేదు. మర్నాడు అమ్మ బండికి కొబ్బరికాయ కొట్టి, చక్రం కింద నిమ్మకాయ పెట్టి, సీటు ఎత్తి ఆ అగ్గిపెట్టెకు కూడా బొట్టు పెట్టింది.

అలా మొదలైంది మా ఉమ్మడి ప్రయాణం. నేను చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని బండి నడిపేవాణ్ని. బాపు కాలు చాపుకుని, ఫోన్లో చుక్కను చూస్తూ చెప్పేవాడు. అయితే బాపు కుడి ఎడమలూ కిలోమీటర్లూ ఎరగడు. ఆయన లెక్క మొత్తం ఆయన చేసిన పెళ్లిళ్లే. "డీలర్ బిడ్డ లగ్గం జేసినం సూడు, వానకు అన్నమంత తడిసె, గాడ మళ్లు" అనేవాడు. ఆ అన్నం తడిసినప్పుడు నేను మూడో తరగతిలో ఉన్నాను. అయినా ఒకటి రెండుసార్లు వెనక్కి తిరిగొచ్చి, ఎలాగో ఊళ్లు పట్టుకునేవాణ్ని. బాధంతా మిగతా సమయంలోనే. కుకునూరుపల్లి రోడ్డు మీద మిర్చి బండి దగ్గర ఆగితే ఫోను మోగేది, అక్కడ మనకు పెళ్లేమీ లేదు కదా అని. ములుగు కాలేజీ గేటు ముందు బండి ఆగిందని అమ్మ రెండు రోజులు నా ముఖం వంక అదోలా చూసి, ఆ పిల్ల ఏం చదువుతోందని మెల్లగా అడిగింది. (పిల్లా లేదు, చదువూ లేదు. పంక్చర్.)

అసలు పరీక్ష సీజన్ నడుమ వచ్చింది. మిరుదొడ్డి అవతల ఒక పల్లెలో బాపు మొదటి గిరాకీ, అంటే బాపు దుకాణం తెరిచిన కొత్తలో మొట్టమొదటి షామియానా వేయించుకున్న పెద్దమనిషి ఉన్నాడు. ఇప్పుడు ఆయన మనవరాలి పెళ్లి. పొద్దుగూకక ముందు మైలపోలు, అంటే పిల్లకు పసుపు పెట్టి తలంటు పోస్తారు, ఆ లోపల పందిరి లేచి ఉండాలి. ఈ ఒక్కటి చెడితే ఇంకో మాట లేకుండా భివండే అని బాపు పొద్దున్నే గుర్తు చేశాడు. నేనూ చిన్నాయనా మధ్యాహ్నానికే మిరుదొడ్డి దాటాం. ఇంకొంత దూరం పోయాక బాపు గొంతు గరగరమంటూ, నీళ్ల ట్యాంకు కనబడుతోందా అని అడిగింది. కనబడుతోందన్నాను. దాని పక్కన కొత్తగా సున్నం వేసిన ఇల్లుందా అంది. ఉందన్నాను. "ఇగ గదే. చుక్క గూడ ఆగింది. ఎయ్యిండ్రి" అని ఫోను తెగిపోయింది.

ఆ ఇంటి ముందు ఒక ముసలవ్వ కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పెళ్లిల్లు ఇంత నెమ్మదిగా ఉందేమిటని అనుమానం రాకపోలేదు గానీ, నియమం నియమమే కదా. పెళ్లి సంగతి ఎత్తకుండా, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా వేయాలవ్వా అని మాత్రమే అడిగాను. అవ్వ నన్ను చూసింది, ట్రాలీని చూసింది, చేతిలో చింతపండును చూసుకుంది. ఆ తర్వాత లేచి, కొట్టం దగ్గర నుంచి ప్రహరీ దాకా వేయమని చేయి చాపి చూపించింది. అంత స్పష్టంగా చెప్పిన గిరాకీని నేను ఎన్నడూ చూడలేదు. మేం గుంజలు పాతుతుంటే తాళ్లు గట్టిగా కట్టమంది, చాయ్ పెట్టి ఇచ్చింది, వచ్చిన ఆడవాళ్లతో గుమ్మం దగ్గర నిలబడి ఏదో సంబరంగా చెప్పింది. చిన్నాయన నిచ్చెన మీద నుంచి నా వంక చూసి తలూపాడు. దుకాణం నాదయిపోయిందని నేను కూడా నిశ్చయించుకున్నాను.

ఇంతలో పచ్చగడ్డి మోపు కట్టిన బండి మీద ఒక మనిషి వచ్చి ఆగాడు. ముప్పై దాటిన వయసు, నెత్తిన తువ్వాల. అవ్వ మనవడట. టెంటును ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసి, ఎవరి లగ్గం అని అవ్వను అడిగాడు. "నీదే బిడ్డా. మీ నాయిన దుబాయి నుంచే ఖాయం జేసి టెంటు పంపినట్టుండు. నాకొక్క మాట చెప్తే ఏం బోతుండె" అంది అవ్వ. నాకు గుంజ చేతిలోనే ఉండిపోయింది. తనకు చెప్పకుండా దుబాయిలోని కొడుకు మనవడి పెళ్లి ఖాయం చేశాడని అవ్వ అలిగింది. ఆ సంగతి తనకు తెలియదని బయటపడటం ఇష్టం లేక, కొట్టం నుంచి ప్రహరీ దాకా పందిరి వేయించింది. అడగడానికి నేనెంత సిగ్గుపడ్డానో ఆమె కూడా అంతే సిగ్గుపడింది. ఆ మనవడు తిడతాడేమో, కొడతాడేమో అని చూస్తున్నాను. అతను తువ్వాల తీసి ముఖం తుడుచుకుని, చాలా మెల్లగా అన్నాడు. "పిల్లదే ఊరు?"

అవ్వ నా వైపు తిరిగింది, టెంటువాళ్లకు తెలియకుండా ఉంటుందా అన్నట్టు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. పెళ్లింటివాళ్లు బాపుకి ఫోన్ చేసి, టెంటు ఇంకా రాలేదేమని గోల చేస్తున్నారట. చుక్క చూడు బాపూ, అక్కడే ఉన్నాం అన్నాను.  చుక్క మిరుదొడ్డి దగ్గరే ఎప్పుడో ఆగిపోయిందనీ, తాను దాన్ని చూసి మేం చేరామనుకున్నాననీ బాపు అన్నాడు. నా ఫోను మోగే చోట కూడా, తన సిమ్ముకు సిగ్నల్ లేకపోతే ఆ అగ్గిపెట్టె నోరు మూసుకుంటుందని మాకెవరికీ తెలియదు. ఇక నీళ్ల ట్యాంకంటారా, బాపు ఆ దిక్కు తిరిగిన కాలంలో అక్కడ ట్యాంకున్నది ఒక్క ఊళ్లోనే. ఇప్పుడు ఊరూరా కట్టారు. నేను నిలబడ్డ చోట నుంచే ఇంకో రెండు కనబడుతున్నాయి.

తప్పు ఒప్పుకుని టెంటు విప్పుతామన్నాను. అవ్వ కేకలు వేస్తే బాగుండేది. ఆమె నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి మాట్లాడింది. "బిడ్డా, నిన్ననేదేం లేదు. గని ఊరంతకు చెప్పిన. గిప్పుడు పందిరి పీకితే గీ సంబంధం గూడ తప్పిపోయిందంటరు. ఇప్పటికే ఎన్నో తప్పిపోయినయి. వాడు నలుగురిల తల ఎత్తుకుంటలేడు. ఒక్క గుడ్డన్న ఉండనీ, నీడకు ఏయించుకున్ననని చెప్పుకుంట." మనవడు మాకు వీపు చూపించి గడ్డి మోపు విప్పుతున్నాడు, విననట్టే. ఫోను మళ్లీ మోగుతోంది. పొద్దు వాలుతోంది. ఉన్న షామియానాలన్నీ కలిస్తేనే పెళ్లింటి ముంగిలి నిండుతుందని నాకు తెలుసు. ఒకటి తక్కువైతే బాపు మొదటి గిరాకీ ముందు బాపు పరువు పోతుందనీ తెలుసు. ఫోను కట్ చేశాను. బాపు ఫోను నేను కట్ చేయడం అదే మొదలు. ఒక షామియానా వదిలేసి మిగతావి విప్పమని చిన్నాయనకు చెప్పాను.

దారి చూపిస్తానని మనవడే బండి తీశాడు. చెరువు కట్ట మీదుగా అతని వెనక నేను, నా వెనక చిన్నాయన. పెళ్లింట్లో గుంజలు పాతడానికి కూడా అతనే చేయి వేశాడు. పిల్లకు పసుపు తెచ్చే వేళకు పందిరి లేచింది. వంటల దగ్గర మాత్రం షామియానా లేదు, ట్రాలీ మీది తాడిపత్రి పట్టా కప్పాం. పొగ నిలబడి వంటాయన కళ్లు తుడుచుకుంటూ మా వంశాన్నంతా తలచుకున్నాడు. పెళ్లింటి పెద్దాయన మాత్రం బాపు కాలు ఎలా ఉందని అడిగి ఊరుకున్నాడు.

పెళ్లయ్యాక సామాను తెచ్చి దుకాణం ముందు దించితే, బాపు కుర్చీలోంచి కదలకుండానే ఒక షామియానా తగ్గిందని పట్టేశాడు. జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పాను. చెబుతూనే మనసులో భివండి బండి ఎక్కేశాను. బాపు పిండికట్టు మీద వేలితో గీస్తూ విన్నాడు. పెళ్లింటి ముందు అడగొద్దన్నాను గానీ ఊరి మొదట్లో అడగొద్దన్నానా అని మాత్రం ఒకసారి కసిరాడు. (తానెప్పుడూ ఊరి మొదట్లో చాయ్ దుకాణం దగ్గర అడిగే పోయేవాడట! ఆ సంగతి ముందే చెబితే ఏం పోయేదో.) ఆ తర్వాత రోడ్డు వైపు చూస్తూ అన్నాడు. "మరి సైడు పరదాలన్న ఇడిసిపెట్టి రాకపోయినవ్? ఒట్టి గుడ్డ ఏం అందమొస్తదిరా, గా ముసలామె ముంగిట్ల." అని మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి విప్పి నా చేతిలో పెట్టాడు.

కొన్నాళ్లకు ఆ షామియానా తెచ్చుకుందామని పోయాను. దాని నీడలో అవ్వ, చుట్టుపక్కల ఆడవాళ్లు వరసగా కూర్చుని చింతపండు కొడుతున్నారు. చాయ్ తాగి ఉత్త చేతులతో తిరిగొచ్చాను. బాపు అడగలేదు. మరుసటి సీజన్‌లో మనవడే దుకాణానికి వచ్చి, పక్క మండలంలో సంబంధం కుదిరిందని తలవంచుకుని చెప్పాడు. పైగుడ్డ తమ దగ్గరే ఉంది కాబట్టి మిగతావి పంపమన్నాడు. ఆ పెళ్లికి అన్ని పరదాలూ మా ఖర్చే. బాపు కర్ర పట్టుకుని మరీ వచ్చి, పొగ తగలని చోటు చూసుకుని కూర్చున్నాడు.

ఇప్పుడు దుకాణం నాదే. సీటు కింద అగ్గిపెట్టె ఎప్పుడో చచ్చింది. దిక్కులు ఇప్పటికీ తెలియవు, ఊరి మొదట్లో ఆగి, ఎవరి పిల్లగాణ్నో చెప్పుకుని, చాయ్ తాగి, అడిగి పోతున్నాను. తాళంచెవి చేతికొచ్చిన మర్నాడు పొద్దున షట్టర్ ఎత్తిన కుర్రాడు మాత్రం అప్పుడప్పుడూ గుర్తొస్తాడు. సిద్దిపేట దాటితే ఏ రోడ్డు ఎటు పోతుందో తెలియకపోయినా, జిల్లా అంతా తన చేతిలో పెట్టినట్టు ఎంత ధీమాగా ఎత్తాడో! వాణ్ని తలచుకుంటే నవ్వొస్తుంది. ఆ ధీమా కొంచెం ఇప్పటికి మిగిలి ఉంటే బాగుండేదనీ అనిపిస్తుంది.