జరీనా గారు అడిగిన పన్నెండో మనిషి

నిన్న ఒక క్లయింటు సంచిలోంచి ఫైలు తీసి బల్లమీద పెట్టగానే మా ఏసీ గదంతా రొయ్యల మేత వాసన నిండిపోయింది. ఆ వాసన వెంట ఒక మహాకావ్యం కదిలి వచ్చింది. కొల్లేటి నీళ్ళు, కృత్రిమ మేధ, సత్యం కోసం ఒంటరిగా నిలబడిన స్త్రీ! ఆశ పెట్టడం తప్పు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను: ఇందులో యుద్ధాలేవీ లేవు. ఒక శుభలేఖ, ఒక బస్సు ప్రయాణం, కొంత చేపల పులుసు ఉన్నాయి.

జరీనా గారు ఏలూరులో పేటెంట్ ఏజెంటు. రెండువేల సంవత్సరం దాటిన ఆ తొలి ఏళ్ళలో ఆ పనేమిటో ఊళ్ళో ఎవరికీ తెలియదు. తమ్ముడి టైలరింగ్ షాపు మేడమీద ఆఫీసు కావడంతో, మెట్లెక్కి వచ్చినవాళ్ళలో సగంమంది కొలతలు ఇవ్వబోయేవారు. ఆవిడ మాత్రం హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీలకు దరఖాస్తులు రాసేవారు. యంత్రానికి బుద్ధి నేర్పే ప్రోగ్రాములో కొత్తదనం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో మాటలతో కంచె వేసేవారు. నేను తాడేపల్లిగూడెం నుంచి రోజూ పాసింజరు బండిలో వచ్చి ఆ కంచెకు కామాలు పాతేవాణ్ణి.

ఒకరోజు కైకలూరు నుంచి సత్తిబాబు గారు వచ్చారు. కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పడం మానేసి, రెండేళ్ళు కూర్చుని ఒక ప్రోగ్రాము తయారుచేశారు. రొయ్యల చెరువులో ప్రాణవాయువు ఎప్పుడు పడిపోతుందో అది ముందే పసిగట్టి, నీటిని చిలికే ఏరియేటర్లను తిప్పుతుంది. దరఖాస్తు గట్టిగా నిలబడితేనే కొంటామని ఒక కంపెనీ చెప్పింది. నిలబడకపోతే ఆయనకు ఇటు కాలేజీ లేదు, అటు కంపెనీ లేదు. అంతా చెప్పి, గర్వంగా పసుపు రాసిన కార్డు ఒకటి తీశారు. 'కృత్రిమ మేధతో నడుచు ఏరియేటర్ల ప్రారంభోత్సవము. అనంతరం భోజనములు.' తేదీ కిందటి నెలది.

మా వైపు కొత్త మోటారు కొన్నా నలుగురిని పిలిచి చూపించకపోతే కలిసిరాదంటారు. చట్టమేమో దరఖాస్తుకు ముందే నలుగురికీ తెలిసిపోయినది కొత్తదే కాదు, పేటెంటు రాదు అంటుంది.

"కార్డు తేమకి పాడైపోయిందనుకుందాం మేడమ్," అన్నాను.

"వచ్చినవాళ్ళు కూడా తేమకి పాడైపోయారా నాన్నా?" అని, జరీనా గారు ఆయన వైపు తిరిగారు. "ఆ రోజు ఎంతవరకు చెప్పారండీ?"

"చక్రాలు తిరగడం చూపించానండీ. అవి ఎలా తిరుగుతున్నాయో చెబుతుంటే భోజనాలకి లేచిపోయారండీ. ఎక్కడ ఆపానో గుర్తులేదండీ, కంగారులో ఉన్నాను."

మర్నాడే ముగ్గురం కైకలూరులో ఉన్నాం. ఐసు ఫ్యాక్టరీ యజమాని నుంచి మేత దుకాణం ఆయన వరకు, ఆ రోజు భోజనానికొచ్చిన పదకొండు మందిని జరీనా గారు అడిగారు. "యంత్రం సంగతి తెలీదండీ గానీ, ఆ కొర్రమీను పులుసు ఉందండీ! ఇంకో ముక్క వెయ్యమనడానికి మొహమాటపడి ఇప్పటికీ బాధపడుతున్నానండీ." పదకొండు మందిదీ అదే సాక్ష్యం. ముక్కల లెక్కే మారింది. సత్తిబాబు గారి ముఖంలోకి రక్తం వచ్చింది. నేను బస్సు టైము చూసుకున్నాను.

జరీనా గారు లేవలేదు. "వంట ఎవరు చేశారండీ?" అన్నారు.

వంట చేసిన వెంకాయమ్మ గారు ఒకప్పుడు చెరువుల మీద కూలికి వెళ్ళిన మనిషి. "విన్నానమ్మా. వడ్డనకి పిలుస్తారేమోనని గుమ్మంలోనే ఉన్నా కదా. గాలి పడిపోయాక తిప్పితే ఏం లాభం, నిన్నా మొన్నా ఎప్పుడు పడిందో గుర్తుపెట్టుకుని ఇవాళ ముందే తిప్పుద్దంట. మా మేస్త్రీకి పొద్దుటి మాట సాయంత్రానికి గుర్తుండేది కాదు."

"ఇంకేమైనా చెప్పారా అమ్మా?"

"కరెంటు తక్కువున్నప్పుడు ఏదో చేసుద్దని మొదలెట్టాడు. ఈలోగా ఆకులు వేసేశారు."

సత్తిబాబు గారు బయటికొచ్చి గొంతు తగ్గించారు. "ఆవిడ వంటావిడండీ. ఆవిణ్ణి ఎవరడుగుతారండీ?"

"నేనడిగానుగా అండీ," అన్నారు జరీనా గారు.

నాకు జోకు తట్టని సందర్భాలు తక్కువ. అది ఒకటి. సొంత క్లయింటు కొంప ముంచగల మనిషిని వెతుక్కుంటూ వంటింటి దాకా వెళ్ళే ధైర్యం నేను అంతకుముందు చూడలేదు. ఆవిడ ముఖంలో త్యాగం, వీరత్వం లాంటివేవీ కనిపించలేదు. బస్సులో కిటికీ పక్క సీటు దొరకలేదని మాత్రం కొంచెం చిరాకు పడ్డారు.

తిరిగొచ్చాక, సత్తిబాబు గారు రాసి తెచ్చిన పేజీల్లో చాలావరకు జరీనా గారు కొట్టేశారు. వెంకాయమ్మ గారు విన్నదంతా పోయింది. ఆకులు వేసేయడం వల్ల చెప్పకుండా మిగిలిపోయిన ముక్క చుట్టూ కొత్త కంచె వేశారు: కరెంటు చాలక అన్ని చక్రాలూ తిరగలేనప్పుడు, ఏ మూల చక్రం ముందు తిరగాలో ప్రోగ్రాము తానే నేర్చుకుని తేల్చే పద్ధతి. ఒట్టి ప్రోగ్రాముకు మన చట్టం పేటెంటు ఇవ్వదు కనుక, అది నీళ్ళలో నిజంగా ఏం చేస్తుందో చెరువు గట్టున నిలబడి మరీ రాసుకొచ్చారు.

"చెరువంతా నాదనుకున్నానండీ. గట్టు మిగిలింది," అన్నారు సత్తిబాబు గారు.

"గట్టున్నవాడిదేనండీ చెరువు," అన్నారావిడ, స్టేప్లరు పిన్నుల కోసం సొరుగు వెతుకుతూ.

కొన్నాళ్ళకి కంపెనీ వకీలు వచ్చి మొట్టమొదట బల్లమీద పెట్టింది ఆ శుభలేఖే. వాళ్ళ డైరెక్టరుకూ ఒకటి అందిందట! వకీలు కైకలూరంతా తిరిగాడు, వెంకాయమ్మ గారి దగ్గరికీ వెళ్ళాడు. ఆవిడ చెప్పినదేదీ మా దరఖాస్తులో కనబడక, కొనుగోలు కాగితాల మీద సత్తిబాబు గారి సంతకం పెట్టించుకుని పోయాడు.

ఇప్పుడు ఏ క్లయింటైనా "ఇది ఎవరికీ తెలియదండీ" అంటే, నాలో ఏదో లేచి నిలబడుతుంది. ఎవరిని అడిగితే మా కేసు పోతుందో ఆ మనిషి కోసం వెతుకుతాను. దొరికేదాకా సంతకం పెట్టను. ఇదంతా ఆవిడ పెట్టిన భిక్ష.

దరఖాస్తు కాగితానికి ఒకవైపే ప్రింటు తీయాలని, పైన, ఎడమవైపు నాలుగేసి సెంటీమీటర్లు ఖాళీ వదలాలని కూడా ఆవిడే నేర్పారు.