చాలు మాస్టారు

మీరావలి మాస్టారికి ఒకే ఒక్క జబ్బు. ఎవరైనా ఏ పనైనా కాస్త ఊపుగా చేస్తుంటే చాలు, "చాలు" అనేస్తారు. ఒంగోలులో ముప్ఫయ్యేళ్ళు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరై, పోలీసు ఉద్యోగాల పరుగు పరీక్షకు వెళ్ళేవాళ్ళకు ఊరికే శిక్షణ ఇచ్చే మనిషికి ఇంతకన్నా పనికిరాని జబ్బు ఉండదని, ఆ శిక్షణకు వచ్చే కోటేశ్వరి నమ్మకం.

పొద్దున్నే ఐదున్నరకు గ్రౌండుకు వస్తే, పావుగంట ఒళ్ళు వేడెక్కించుకోవడానికే సరి. ఆ తర్వాత నాలుగు రౌండ్లు. ఐదోది అందుకుందామనుకునేసరికి ఈల, దాని వెనకే "చాలు. అది వచ్చే వారానికి." నిన్న గట్టిగా పరుగెత్తినవాళ్ళు ఇవాళ నడవాలి. వారానికొక రోజు అసలు రాకూడదు. వచ్చినవాళ్ళను గేటు దగ్గరే ఆపి, ఇంటికెళ్ళి పడుకోమంటారు. సరిగ్గా నిద్రపోయారా, నీళ్ళు తాగారా, మోకాలు ఏమంటోంది అని సంబంధం కలుపుకునేవాళ్ళలా ఆరా తీస్తారు. పక్కన పది రౌండ్లు కొట్టే అకాడమీ వాళ్ళు ఇటు చూసి నవ్వుకునేవారు.

ఈ జబ్బు గ్రౌండు దాటి కూడా పాకింది. ఒక పెళ్ళిలో ఎవరికో మూడోసారి బిర్యానీ వడ్డిస్తుంటే, పక్క కుర్చీలోంచి చెయ్యి అడ్డంపెట్టి "ఆయనకు చాలు" అన్నారు. బడి వార్షికోత్సవంలో ముఖ్య అతిథి గంట నుంచీ మాట్లాడుతుంటే ముందు వరసలోంచి "చాలు" అని వినబడింది. వెనక పరుగులు తీస్తున్న పిల్లలతో అన్నానని మాస్టారు ఇప్పటికీ వాదిస్తారు. అతిథి మాత్రం మైకు వదిలేశాడు. చప్పట్లు ఎవరికి కొట్టారో ఇప్పటికీ తేలలేదు.

కోటేశ్వరికి ఇవేవీ నవ్వు తెప్పించలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు. తండ్రి లేడు. తెల్లారి సైకిలు మీద గ్రౌండుకు, అటునుంచి అటే తల్లితోపాటు మిరపకోతకు. వయసు లెక్కన కానిస్టేబులు పరీక్షకు ఇదే ఆఖరి అవకాశం. పరుగు ముగించాల్సిన సమయానికి ఇంకా ఇరవై సెకన్లు వెనకబడి ఉంది. మాస్టారు చాలన్న ఆ మిగతా రౌండ్లు ఎక్కడో ఒకచోట కొట్టాలనుకుంది. సాయంత్రం కోత ముగిశాక, ఎవరికీ చెప్పకుండా తారురోడ్డు మీద పరుగెత్తడం మొదలుపెట్టింది.

మూడో వారానికి ఎడమ మోకాలి కింద ముందరి ఎముక సలపడం మొదలైంది. బామ్ రాసి, బ్యాండేజీ చుట్టి, పైన ప్యాంటు వేసుకుని వచ్చింది. మాస్టారు స్టూలు మీద కళ్ళు మూసుకుని అడుగుల చప్పుడు వింటున్నారు. రెండో రౌండులోనే ఈల వేశారు.

"ఎడమకాలు అబద్ధం చెబుతోందమ్మా. ఎముక మీద వేలు పెట్టి నొక్కి చూడు."

నొక్కింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"చాలు. ఇక పరుగు లేదు."

పరీక్షకు ఇంకా మూడు వారాలే ఉన్నాయి. కోటేశ్వరి గొంతు పెంచలేదు. "ఇన్నేళ్ళుగా అందరినీ ఆపడం తప్ప మీరు ఎవర్ని గెలిపించారు సార్?" అని మాత్రం అంది.

ఆయన ఆమెను మోపెడ్ మీద ఎక్కించుకుని ఎముకల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళారు. ఎముకలో వెంట్రుకంత పగులు. అలాగే పరుగెత్తితే విరిగిపోయేదన్నాడు డాక్టరు. రెండు నెలలు పరుగు మాట ఎత్తొద్దన్నాడు.

తిరిగి వస్తూ ఆమెను తమ ఇంట్లో దింపి, మాస్టారు మందుల కోసం వెళ్ళారు. ఆయన భార్య నసీమున్నీసా ఆమె కాలు పీట మీద పెట్టించి, పక్కన కూర్చుంది.

"అప్పట్లో ఈయన్ని 'ఇంకో రౌండు మాస్టారు' అనేవాళ్ళమ్మా" అంది.

ఆయన తమ్ముడు ఇషాక్ సంగతి అప్పుడు చెప్పింది. మిలిటరీలో చేరాలని ఆ కుర్రాడి పంతం, చేర్పించాలని అన్నగారి పంతం. ఒకసారి ముందురోజు నుంచీ జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా, అన్న ఆపేస్తాడని ఇషాక్ చెప్పలేదు. మే నెల ఎండ. తూలుతున్నవాణ్ణి చూసి కూడా అన్న ఇంకో రౌండు అన్నాడు.

"ఆ రౌండు పూర్తిచేశాడమ్మా. పూర్తిచేసే పడిపోయాడు. మళ్ళీ లేవలేదు. ఇరవై రెండేళ్ళయింది, ఈ ఇంట్లో ఈయన వాడి పేరెత్తి."

పరీక్ష రోజున కోటేశ్వరి మిరపకల్లంలో కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే ఘాటు అనుకున్నారు తోటివాళ్ళు. ఆమె కాదనలేదు.

ఆ సాయంత్రమే మాస్టారు కల్లానికి వచ్చారు. చేతిలో అటవీశాఖ ఉద్యోగాల దరఖాస్తు. పగులు తెలిసిన రోజు నుంచీ ఆఫీసుల చుట్టూ తిరిగి వయసు, అర్హత అన్నీ కనుక్కున్నారట.

"దీనికి పరుగు అక్కర్లేదమ్మా. నాలుగు గంటల్లో పదహారు కిలోమీటర్లు నడవాలి. వయసు కూడా సరిపోతుంది."

ఎముక అతుక్కున్నాక మొదటి వారం రెండు కిలోమీటర్లు, తర్వాత మూడు, అలా నెలల తరబడి పెంచుకుంటూ పోయారు. పక్కనే ఆయనా నడిచేవారు. ఆ ఉద్యోగం కోటేశ్వరికి వచ్చింది. ఇప్పుడు గిద్దలూరు వైపు అడవిలో పనిచేస్తోంది. కానీ ఆమె తలుచుకునేది పరీక్షను కాదు, దానికి పది రోజుల ముందు సముద్రం ఒడ్డునున్న కొత్తపట్నం దాకా నడిచిన రోజును.

సగం దారిలో మాస్టారు కుంటడం చూసి, కల్వర్టు మీద కూర్చోబెట్టింది. రెండు మడమలూ బొబ్బలు.

"కొత్త బూట్లతో ఇంత దూరం ఎవరైనా వస్తారా సార్?"

"నీ పక్కన నడిచేటప్పుడు కాస్త బాగుండాలిగా" అన్నారాయన తల వంచుకుని.

ఆటో ఆపి ఎక్కించింది. ఆయన మాత్రం ఆటోను ముందుకు పోనివ్వలేదు. ఆమె పక్కనే నడక వేగంతో పోనివ్వమన్నారు. డ్రైవరు సుభానీ మొదటి గేరులో ఈడుస్తూ, ఇంతకన్నా ఎడ్లబండి నయమని సణిగాడు. మాస్టారు ఆటోలోంచి నీళ్ళ సీసా అందించి, ఆమె కాలి వైపే చూస్తూ, ఉన్నట్టుండి అన్నారు.

"మా ఇషాక్ కూడా ఇంతే. చెప్పిన మాట వినేవాడు కాదు."

కోటేశ్వరి అడుగు తడబడింది. ఇషాక్ ఎవరని సుభానీ అడిగాడు. తన తమ్ముడని చెప్పి, వాడు ఒకసారి ఒంగోలు ఎద్దుతో పందెం వేసుకుని పరుగెత్తి, గెలిచి, సంబరంగా వెనక్కి తిరిగి చూస్తే ఆ ఎద్దు ఇంకా ఆగలేదన్న కథ ఎత్తుకున్నారు. వేపచెట్టెక్కినవాడు చీకటి పడేదాకా దిగలేదట. సుభానీ పగలబడి నవ్వి క్లచ్ వదిలేశాడు. ఇంజను ఆగిపోయింది. కోటేశ్వరి కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ, సముద్రం వైపు నడిచింది.