మక్కచేను కాపలా

మొన్న మా కాలేజీలో సోషల్ వర్క్ పిల్లలకు కొత్త సిలబస్ వచ్చింది. యుద్ధం చూసొచ్చిన సైనికుల మనసుకు తగిలే దెబ్బ గురించి అందులో ఒక పాఠం మొత్తం ఉంది. రేపు నేనే చెప్పాలి. రెండు పేజీలు చదివి పక్కన పెట్టేశాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మేం చదివినప్పుడు ఈ సంగతి మీద ఒక్క వాక్యం లేదు.

అప్పట్లో ఫీల్డ్‌వర్క్‌కు నన్ను టేకులపల్లి అవతల, అడవి అంచున ఉన్న మా పిన్ని వాళ్ల ఊరికే వేశారు. చంకలో ఫైలు చూసి, రేషన్ కార్డులు రాయించడానికే వచ్చానని ఊరంతా నమ్మింది. గొప్పగా ఉందని పిన్ని కూడా కాదనలేదు. పక్కింటి బావ మిలిటరీ నుంచి వచ్చేసి అప్పటికి ఏడాది. సరిహద్దు కాల్పుల్లో ఆయన పక్కనున్నవాళ్లు పోయారట. గిన్నె కింద పడినా ఉలిక్కిపడి గోడకు అతుక్కుపోయేవాడు, రోజుల తరబడి నోరు విప్పేవాడు కాదు. "దవాఖానల నరాల బలహీనత అన్నరు. గిదేంది చెల్లె? నువ్వు సదువుకున్నవ్, నువ్వన్న చెప్పు" అని ఆయన భార్య, నేను అక్కా అని పిలిచే మనిషి, నన్నే పట్టుకుంది.

నాకు తెలిసిందల్లా క్లాసులో రాసుకున్న ఒక్క ముక్క: మనిషికి చేతనైన పని అప్పజెబితే కుదుటపడతాడు. మొక్కజొన్న కంకి మీదుంది, మక్కచేలకు కోతుల బెడద. పగటి కాపలాకు బావను పెట్టమని పెద్దమనుషులకు నేనే చెప్పాను. "తుపాకి పట్టినోడు, కోతులకు జంకుతడా!" అని వాళ్లూ సంబరపడ్డారు. నా తెలివికి నేనే మురిసిపోయాను. అక్కడ కోతుల్ని తోలేది పటాకులతోనని నాకు తెలియక కాదు. తట్టలేదు, అంతే.

మొదటిరోజు మధ్యాహ్నమే పక్కచేలో ఎవరో పటాకుల సరం ముట్టించారు. అరుపులు విని మేం ఉరికేసరికి బావ మంచె కింద బురదలో బోర్లా పడి, రెండు చేతులా మట్టి పిడికిట పట్టుకుని, ఎవరి పేరో పిలుస్తున్నాడు. అక్క ఆయన వీపు మీద చెయ్యేసి నావైపు తిరిగింది. "ఇప్పుడేం జెయ్యాలె చెల్లె?" సిగ్గుతో, భయంతో ఏడ్చాను. ఆయన్ని లేపి ఇంటికి తీసుకెళ్లింది కూడా ఆమే.

ఆ తర్వాత బావ గడప దాటలేదు. ఫీల్డ్‌వర్క్ మూడు నెలలు నిండాయి, నా రిపోర్టుకు మంచి మార్కులే వచ్చాయి. బస్సెక్కే రోజు అక్క సద్ది కట్టిచ్చి, "సదువు అయిపోయినంక వచ్చి బాగుజేస్తవ్ గద?" అంది. అవ్ అన్నాను. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె ఎన్నేళ్లు ఎదురుచూసిందో మా పిన్నిని అడిగే ధైర్యం నాకు ఈ ఇరవై ఏళ్లలో రాలేదు.